పాలు తాగుతోందా?

పురుడు వచ్చిన ఇంటికి చూడబోయినవాళ్ళు అడిగే ప్రశ్నలు మనలో నాలుగే నాలుగు. ఆడపిల్లా, మగపిల్లవాడా? ఎవరి పోలిక? పుట్టగానే ఏడ్చిందా? పాలు తాగుతోందా? మొదటి ప్రశ్నకు జవాబు వచ్చేదాకా మనవాళ్ళకు ఊపిరాడదు. రెండో ప్రశ్న మీద అత్తవారికీ పుట్టింటివారికీ చిన్న యుద్ధమే జరుగుతుంది. మూడోదానికి మంత్రసానుల రోజులనుంచీ తగినంత గౌరవం వుంది. నాలుగోది మాత్రం అడగవలసింది గనుక అడుగుతారు. "ఆఁ, తాగుతోంది" అంటే సరే. "సరిగ్గా తాగడం లేదండీ" అంటే, "అదే అలవాటుపడుతుందిలే, మావాడూ అంతే" అని, సంచిలోని బత్తాయిపళ్ళు తీసి బల్లమీద పెట్టి మాట మార్చేస్తారు.

నేను డాక్టర్ని కాను. తెలుగులో ఎమ్మే చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. మాటలు తప్ప నా దగ్గర వేరే సరంజామా ఏమీ లేదు. అయినా ఈ "సరిగ్గా తాగడం లేదు" అనే మూడు ముక్కల్లో ఎన్ని వేరువేరు సంగతులు ఇమిడివున్నాయో ఒక పిల్లల డాక్టరుగారు విప్పి చెప్పినప్పుడు, ఆయన వృత్తికీ నా వృత్తికీ అంత దూరం లేదనిపించింది. బిడ్డకు మాట రాదు. బిడ్డ తరఫున తల్లో, అమ్మమ్మో, నర్సమ్మో చెప్పాలి. వాళ్ళు చెప్పే మాట ఎంత నికరంగా వుంటే రోగం అంత తొందరగా దొరుకుతుంది. తాగడం లేదంటే, రొమ్ముకు నోరే పెట్టడం లేదా? పెట్టి చీకడం లేదా? చీకి మింగలేకపోతోందా? మింగబోతే పొలమారుతోందా? పొలమారకుండా లోపలికి పోయినవి తిరిగి వస్తున్నాయా? ఇవి ఐదూ ఐదు వీధులు. ఒక వీధిలో వుండే జబ్బు కోసం మరో వీధిలో వెతికితే దొరకదు.

మింగడమనేది పుట్టాక నేర్చుకునే పని కాదు. కడుపులో పడిన మూడు నెలలకే శిశువు ఉమ్మనీరు గుటకలు వేయడం మొదలుపెడుతుంది. నెలలు నిండేసరికి రోజుకు అరలీటరుకు పైగానే మింగుతుంది. మింగినదాంట్లో చాలాభాగం మూత్రమై మళ్ళీ ఆ నీటిలోనే కలుస్తుంది. ఇలా ఒక చెరువు తూమూ కాలువా సమంగా నడుస్తున్నట్టు నడుస్తూ వుంటే, ఉమ్మనీరు వుండవలసినంతే వుంటుంది. బిడ్డ మింగలేకపోతే అది పెరిగిపోతుంది. కనుక స్కానింగు కాగితం మీద "ఉమ్మనీరు ఎక్కువగా వున్నది" అని వ్రాసి ఇస్తే, కోడలు నీళ్ళు ఎక్కువ తాగిందని మందలించి ఊరుకోకండి. తల్లికి చక్కెరవ్యాధి వున్నా నీరు పెరగవచ్చు. చాలాసార్లు ఏ కారణమూ కనబడకనే పెరగవచ్చు. అయినా ఆ కాగితం పురిటిగది గుమ్మం దాకా వెంట వుండాలి. అక్కడి నర్సమ్మకూ, పిల్లల డాక్టరుకూ దాన్ని చూపించాలి. బిడ్డ ఇంకా భూమ్మీద పడకుండానే తన గొంతు గురించి వ్రాసి పంపిన మొదటి ఉత్తరం అదే కావచ్చు.

తెలుగులో "గుక్క" అని చిన్న మాట ఒకటి వుంది. గుక్కెడు నీళ్ళన్నప్పుడు అది తాగేది. గుక్క తిప్పుకోకుండా అన్నప్పుడు అది పీల్చేది. పసివాడు గుక్కపట్టి ఏడ్చాడంటే అదీ ఊపిరి సంగతే. నీటికీ గాలికీ కలిపి ఒకే మాట ఎవరు పెట్టారోగాని, గొంతు లోపలి కట్టడం చూస్తే అతికినట్టు సరిపోతుంది. నాలుక వెనుక ఒక కూడలి వున్నది. ముక్కులోంచి వచ్చే గాలీ, నోట్లోంచి వచ్చే పాలూ అక్కడ కలుస్తాయి. గాలి ముందువైపున్న శ్వాసనాళంలోకి పోవాలి. పాలు వెనుకవైపున్న అన్నవాహికలోకి పోవాలి. పాలు తాగే బిడ్డ ఇంచుమించు సెకనుకొకసారి చీకుతుంది. పాలధార బాగా వస్తున్నప్పుడు చీకినప్పుడల్లా ఒక గుటక, గుటక వెనుక ఒక ఊపిరి. గుటక పడే క్షణంలో ఊపిరి ఆగుతుంది, గాలిగొట్టం మూతపడుతుంది, గుటక దాటగానే తెరుచుకుంటుంది. బెజవాడ స్టేషనులో రైళ్ళు ఒకదాన్నొకటి ఢీకొనకుండా నడిపించడానికి ఎంతమందో రాత్రింబగళ్ళు మేలుకొని వుండాలి. ఇక్కడ గంటల వయసున్న ప్రాణి కళ్ళు మూసుకునే ఆ పని చేస్తోంది!

నెలలు నిండిన బిడ్డకు ఈ విద్య పుట్టుకతోనే వస్తుంది. 34 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు సాధారణంగా రాదు. చీకడమూ తెలుసు, మింగడమూ తెలుసు, ఊపిరి తీయడమూ తెలుసు; మూడింటినీ ఒక్క తాళంలో వేయడం తెలియదు. అది రోగం కాదు, పాఠం ఇంకా పూర్తికాలేదు. అంతవరకూ సన్నని గొట్టంతో పాలు కడుపులోకి పంపుతారు. కొంచెం గట్టిపడ్డాక మన ఉగ్గుగిన్నె రంగంలోకి దిగుతుంది. అవును, అటకమీద పడేసిన ఆ ముక్కుగిన్నే! పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో, గాజుపెట్టెల్లో పడుకోబెట్టిన పిల్లలకు ఈనాడు దానితోనే పాలు పడుతున్నారు. "ఉగ్గుపాలతో వచ్చిన విద్య" అని మా క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను గాని, ఉగ్గుపాలు పోయడం కూడా ఒక విద్యేనని ఆ వార్డులో చూశాకనే తెలిసింది. బిడ్డ మేలుకొని వుండాలి. తల ఎత్తి పట్టుకోవాలి. పెదవి మూలన కొద్దిగా వంచి, గుటక పడిందాకా ఆగి, ఆ తరువాతే మళ్ళీ వంచాలి. ముక్కు మూసి, కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి, గుక్క తిప్పుకోనివ్వకుండా పోసేయడం మన ఇళ్ళలో ఇంకా అక్కడక్కడ వున్నది. ఆ పద్ధతిలో బిడ్డ మింగుతున్నదో మునుగుతున్నదో పోసేవాళ్ళకే తెలియదు.

ఇక ఆ వార్డుకు నేను ఎందుకు వెళ్ళవలసివచ్చిందో చెబుతాను.

2019 శ్రావణమాసంలో మా అక్కయ్య కూతురు పురుడు పోసుకున్నది. పెద్ద ఊరేమీ కాదు. ఒక డాక్టరమ్మ నడిపే పది మంచాల నర్సింగుహోము. ఆడపిల్ల. రెండున్నర కిలోలున్నది. పుట్టగానే కేరుమంది. ఒళ్ళు ఎర్రగా, చక్కగా వుంది. అక్కయ్య అప్పుడే అందరికీ ఫోన్లు చేసేసింది. మా పెద్దత్తయ్య తేనెసీసా, బంగారపు ఉంగరం దగ్గర పెట్టుకుని, రంగరించి నాకించడానికి సిద్ధంగా కూర్చున్నది.

బిడ్డ నోటినుంచి సన్నగా నురగ వస్తోంది. నర్సమ్మ తుడిచింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచింది. ఆ పిల్లకు పాతికేళ్ళు కూడా వుండవు. మూడోసారి తుడిచి, బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, "పెద్దమ్మగారూ, నోట్లో ఒక్క చుక్క కూడా వేయకండి. డాక్టరుగారు వచ్చి చూడాలి" అన్నది.

"నురగ కక్కని పసిబిడ్డ ఎక్కడుందే? మా కాలంలో ఈ చోద్యాలు లేవు" అన్నది అత్తయ్య.

"మీ కాలంలోనూ ఇలాంటి పిల్లలు పుట్టారండీ. మిగల్లేదంతే" అన్నది నర్సమ్మ.

అత్తయ్యకు కోపం వచ్చింది. మాకూ రాలేదని చెప్పను. కాని తేనెసీసా మూత తెరుచుకోలేదు.

పిల్లల డాక్టరుగారు వచ్చారు. ఆయన చేసిన పరీక్షకు పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు. కలంలోని రీఫిల్లంత లావున్న మెత్తని గొట్టం ఒకటి బిడ్డ నోటిలోంచి దింపారు. మామూలు బిడ్డకైతే అది జారుకుంటూ తిన్నగా పొట్టలోకి పోతుంది. ఈ బిడ్డకు పెదవులనుంచి పది సెంటీమీటర్లు పోయి ఆగిపోయింది. తీసి మళ్ళీ దింపారు. మళ్ళీ అక్కడే ఆగింది. ఆయన అక్కయ్యవైపు చూసి, "దారి లేదమ్మా. గొంతుగొట్టం ఇక్కడితో ముగిసిపోయింది" అన్నారు. ఆ తరువాత ఎక్స్‌రే తీశారు. గొట్టం చివర మెలిదిరిగి పైన ఒక సంచిలో చుట్టుకుని కనిపించింది. పొట్టలో గాలి కూడా కనబడింది. గొంతునుంచి దారి లేనప్పుడు పొట్టలోకి గాలి ఎట్లా వచ్చింది? అదే ఆయన చూడదలచుకున్నది. అన్నవాహిక పైముక్క మూసుకుపోయి వుంటే, కిందిముక్క పైకి వచ్చి శ్వాసనాళానికి అతుక్కుని వుంది. పీల్చిన గాలి ఆ దొంగదారిన పొట్టలోకి పోతోంది. పొట్టలోని పులుపు అదే దారిన ఊపిరితిత్తుల్లోకి రావచ్చు. పైన మింగలేని ఉమ్మి పొంగితే అదీ శ్వాసనాళంలోకే పోతుంది. ఈ జబ్బు మూడు నాలుగు వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. అందులోనూ నూటికి ఎనభై అయిదు మందికి పైగా ఇదే అమరిక. తేనె నాకించి వుంటే అది ఎక్కడికి పోయేదో వేరే చెప్పనక్కరలేదు.

బిడ్డను తల ఎత్తి పడుకోబెట్టి, పైసంచిలోని ఉమ్మిని గొట్టంతో పీలుస్తూ, నరానికి సెలైను పెట్టి, ఆ రాత్రే నగరానికి పంపించారు. నర్సమ్మ కూడా బండి ఎక్కింది. మర్నాడు సర్జన్లు కుడి పక్కటెముకల మధ్యనుంచి వెళ్ళి, దొంగదారిని మూసివేసి, రెండు ముక్కలనూ కలిపి కుట్టారు. ఆ వార్డు వరండాలో నేనున్నవి పన్నెండు రోజులు. నాకు తెలిసినదంతా ఆ వరండాలో అడిగి తెలుసుకున్నదీ, తరువాత చదువుకున్నదీ.

నర్సమ్మ అన్నమాట ఎంత నిజమో చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఈ లోపాన్ని ఇంగ్లండులో విలియం డర్‌స్టన్ 1670లోనే వ్రాసిపెట్టాడు. గాలిగొట్టంతో కలిసిపోయిన రకాన్ని 1697లో థామస్ గిబ్సన్ వర్ణించాడు. గుర్తుపట్టడం అప్పుడే తెలుసు. గుర్తుపట్టి చేయగలిగింది లేదు. 1939లో అమెరికాలో లెవెన్, లాడ్ అనే ఇద్దరు సర్జన్లు ఎవరికి వారుగా, ఎన్నో విడతల శస్త్రచికిత్సలతో, ఇలాంటి బిడ్డలను మొట్టమొదట బ్రతికించగలిగారు. రెండు ముక్కలనూ ఒకే విడతలో కలిపి కుట్టి బిడ్డను నిలబెట్టినది 1941లో, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బరులో, కామెరాన్ హైట్. ఆ బిడ్డ పన్నెండు రోజుల ఆడపిల్ల. అంటే డర్‌స్టన్ నాటినుంచి లెక్కవేస్తే రెండువందల అరవై తొమ్మిదేళ్ళపాటు, పేరు తెలిసీ ప్రతి బిడ్డనూ పోగొట్టుకున్నారన్నమాట. ఈనాడు మంచి వసతులున్న చోట, బరువు బాగుండి గుండెలో లోపం లేని బిడ్డలు నూటికి తొంభైకి పైగా బ్రతుకుతున్నారు. అయితే "మంచి వసతులు" అన్న మాట వెనుక ఇంకొక మాట వుంది: ఊపిరితిత్తుల్లోకి పాలు పోకముందే గుర్తించడం. ఆ గొట్టం ఖరీదు ఒక పూట కాఫీల ఖర్చుకు మించదు. ఈ బిడ్డల్లో ఇంచుమించు సగం మందికి గుండెలోనో, మూత్రపిండాల్లోనో, వెన్నులోనో, మలద్వారంలోనో మరో లోపం కూడా వుంటుంది గనుక ఒకటి దొరకగానే మిగిలినవీ వెతుకుతారు. అదృష్టవశాత్తు మా పిల్లకు అవేవీ లేవు. ఇప్పుడు బడికి పోతున్నది. దగ్గితే బూర ఊదినట్టు వుంటుంది, ఇడ్లీ తిన్నా మధ్య మధ్య మంచినీళ్ళు తాగాలి. అంతే.

నురగ సంగతి ఎక్కువ చెప్పాను. అది పుట్టిన గంటల్లో తేలవలసిన విషయం. మిగతా వీధుల్లోకి కూడా ఒకసారి తొంగిచూద్దాం.

చీకుతూనే వుంటుంది, గంటసేపయినా వదలదు, పొట్ట నిండదు, పాలు ముక్కులోంచి వస్తాయి. అంగిలి చూడాలి. పెదవి చీలివుంటే అందరికీ కనబడుతుంది; అంగిలి వెనుకభాగం మాత్రమే చీలివుంటే టార్చిలైటు వేసి, నాలుక అదిమి, కొండనాలుకదాకా చూడనిదే కనబడదు. వేలుపెట్టి తడిమి "బాగానే వుంది" అనడం చాలదు. అంగిలిలో సందు వుంటే నోటిలో పీల్పు నిలవదు, గొట్టానికి చిల్లుపడ్డ చేతిపంపు ఎంత కొట్టినా నీళ్ళు రానట్టు. ఆ బిడ్డకు తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. మాటలు వచ్చే వయసు కాకముందే, ఏడాది అటూ ఇటూగా, కుట్టివేస్తారు. గడ్డం బాగా లోపలికి పోయి, నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డుపడే బిడ్డలు కొందరుంటారు. ఫ్రాన్సులో పియర్ రాబిన్ అనే ఆయన 1923లో దీన్ని గురించి వ్రాశాడు గనుక ఆయన పేరే పెట్టారు. డాక్టరు కనిపెట్టి చూస్తూ వుండగా బోర్లా పడుకోబెడితేనే వీళ్ళకు ఊపిరి ఆడుతుంది.

ఏడిస్తే ఎర్రబడుతుంది, ఏడుపు మానితే నల్లబడుతుంది. ఇంత చోద్యమైన మాట ఏ తల్లయినా చెప్పిందంటే కొట్టిపారేయకండి. పసిబిడ్డలు ముఖ్యంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. అందువల్లనే రొమ్ము నోట్లో వుండగా ఊపిరాడుతుంది. ముక్కు వెనుక ద్వారాలు రెండూ పుట్టుకతోనే మూసుకునివుంటే, నోరు మూసినప్పుడల్లా గాలి ఆగిపోతుంది. ఏడవడానికి నోరు తెరిస్తే ప్రాణం లేచివస్తుంది. రొమ్ముకు నోరు పెట్టి, రెండు గుటకలు వేసి, గింజుకుని వదిలేస్తుంది. దీనికీ పరీక్ష ఆ సన్నగొట్టమే, ఈసారి ముక్కులోంచి. గొట్టానికి ముందు, ముక్కుకింద దూదిపోగు పెట్టినా చాలు. కదిలితే గాలి వుంది.

తాగుతూ తాగుతూ ఆగిపోతుంది, రొప్పుతుంది, నుదుట చెమట పడుతుంది. గొంతును వదలి గుండెను చూడాలి.

పొలమారడం గురించి మనకొక అందమైన నమ్మకం వున్నది. ఎవరో తలుచుకుంటున్నారంటాం, మాడుమీద తడతాం. నిన్న పుట్టిన బిడ్డను ఊరంతా తలుచుకుంటూనే వుంటుంది, నిజమే! అయినా తాగినప్పుడల్లా పొలమారితే అది తలపు కాదు, పాలు గాలిదారిలోకి తొంగిచూస్తున్నాయన్నమాట. తల్లికి పాలు మరీ ఉధృతంగా చేపుకొస్తున్నప్పుడు కూడా ఆరోగ్యమైన బిడ్డకు పొలమారవచ్చు. మొదటిధార కొంచెం పిండివేసి, బిడ్డ తల ఎత్తిపట్టి ఇస్తే అది సర్దుకుంటుంది. అలా సర్దుకోనిదే చూపించవలసినది. పెద్దవాళ్ళకైతే పాలు దారితప్పితే వెంటనే దగ్గు వస్తుంది. పురిటిబిడ్డలకు ఆ దగ్గు ఇంకా పూర్తిగా కుదరదు. కొందరు దగ్గకుండానే పాలు ఊపిరితిత్తుల్లోకి దింపుకుంటారు. దగ్గుకు బదులు ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది, పెదవులు నీలంగా మారతాయి, కళ్ళు పెద్దవవుతాయి, తాగాక గొంతులో గురగుర వినబడుతుంది. ఆ తరువాత మాటిమాటికీ నిమ్ము చేసిందంటారు. ముక్కుల్లో ఆముదం చుక్కలు వేసే అలవాటు ఇంకా వున్న ఇళ్ళవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగి చదవండి. నూనె దగ్గును అంతగా రేపకుండానే జారిపోయి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. అక్కడినుంచి దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు. తేనె సంగతీ అంతే. ఏడాది నిండేదాకా వద్దంటున్నారు. అందులో వుండగల ఒక క్రిమి విషం బిడ్డ నోటిలోని చీకే బలాన్నే హరించగలదు.

ఈ దగ్గులేని దొంగపొలమారుడును కనిపెట్టడానికి రెండు పరీక్షలు వున్నాయి. పాలలో బేరియం అనే తెల్లని పదార్థం కలిపి తాగిస్తూ, గొంతును ఎక్స్‌రే చలనచిత్రంగా తీయడం ఒకటి. గుటక ఎటు పోయిందో తెరమీద నల్లగా కనబడుతుంది. 1988లో వచ్చిన రెండో పరీక్షలో సన్నని కెమెరాతీగను ముక్కులోంచి దింపి గొంతును పైనుంచి చూస్తారు. అందులో ఎక్స్‌రే లేదు గనుక మంచం పక్కనే చేయవచ్చు. నాకు ఆశ్చర్యం కలిగించినదేమిటంటే, ఈ పరీక్షల దగ్గర కూర్చుని బిడ్డ గుటకలు చదివేవారు చాలాచోట్ల మాటల చికిత్స చేసే స్పీచి థెరపిస్టులు. మైసూరులో 1965లో పెట్టిన అఖిలభారత వాక్‌శ్రవణ సంస్థ వంటి చోట్ల చదువుకుని వస్తారు. మాట్లాడే అవయవాలూ మింగే అవయవాలూ ఒకటే కదా! అక్షరాలు రాని వయసులో పెదవీ, నాలుకా, అంగిలీ, గొంతూ చేసే మొదటి ఉచ్చారణ గుటకే అనుకోవచ్చు.

అన్నిటికంటె భయంకరమైన వాక్యాన్ని ఆఖరికి వుంచాను. "నిన్నటిదాకా బాగా తాగాడండీ, ఇవాళ నోరు పెట్టడం లేదు." పుట్టి రెండు రోజులు మామూలుగా చీకి, మూడోరోజు తరువాత చీకడం మానేసి, ఒళ్ళు బిగుసుకుపోయే బిడ్డ అంటే ధనుర్వాతం. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ జబ్బుకు ఇచ్చిన నిర్వచనమే దాదాపు ఈ తల్లి మాట. రక్తపరీక్షా లేదు, ఎక్స్‌రే లేదు; తాగిన బిడ్డ తాగడం మానిందన్న ఒక్క వాక్యమే రోగనిర్ణయం. బొడ్డుకోసిన కత్తి, బొడ్డుమీద అద్దిన పేడా, బూడిదా ఎన్ని ఇళ్ళ ఉయ్యాలలు ఖాళీ చేశాయో! గర్భిణులకు సూదిమందులు, శుభ్రమైన కాన్పులు వచ్చాక తగ్గుతూ వచ్చి, 2015లో భారతదేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతం నిర్మూలన స్థాయికి చేరినట్టు ఆ సంస్థ ధ్రువీకరించింది. అంటే కేసులు అసలే రావని కాదు, ఏ జిల్లాలోనూ కాన్పుల్లో వెయ్యికి ఒకటి చొప్పునైనా రావడం లేదని.

జబ్బు వెనక్కి తగ్గిందిగాని ఆ వాక్యం విలువ తగ్గలేదు. బాగా తాగుతున్న పురిటిబిడ్డ ఉన్నట్టుండి తాగడం మానితే ఈనాడు మొదట అనుమానించవలసినది రక్తంలో చేరిన క్రిములను. జ్వరం వుండాలని ఏమీ లేదు. ఒళ్ళు చల్లబడి కూడా వుండవచ్చు. నిద్ర ఎక్కువైంది, ఏడుపు సన్నగిల్లింది, మూత్రం తడిపిన గుడ్డలు తగ్గాయి. "నిద్రమొహం బిడ్డ" అని మురిసిపోయేవాళ్ళు ఇంట్లో ఒకరుంటారు. ఆ మురిపెం ఆరోజుకు పక్కన పెట్టి, తెల్లవారేదాకా ఆగకుండా, 108కి ఫోను చేసి అయినా సరే, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇక్కడ గంటలే లెక్క.

తిరిగి వచ్చే పాల విషయంలో కూడా మన భాష డాక్టర్లకు చేయవలసిన సాయం చేస్తుంది. పెదవి మూలనుంచి కాస్త పెరుగులాగా జారితే కక్కింది. రంగు తెల్లనే, బిడ్డ హాయిగా వుంది, బరువు పెరుగుతోంది: తుడిచి ఊరుకోండి. మూడు నాలుగు వారాల బిడ్డ, తాగిన ప్రతిసారీ మూరెడు దూరం చిమ్మి, వెంటనే మళ్ళీ ఆకలిగా వెతుకుతుంటే చూపించండి. పసరు రంగులో, అంటే పచ్చగా, వస్తే మాత్రం ఆ రాత్రే. పేగు ఎక్కడో మూసుకుపోయిందో మెలిపడిందో కావచ్చు. "వాంతి అయింది" అని చెప్పే తల్లి నోట "పసరు" అనే ఒక్క మాట వస్తే సర్జనుగారు కుర్చీలోంచి లేస్తారు.

పరీక్షల గురించి ఇంత చెప్పాను గాని, పిల్లల డాక్టర్లలో అనుభవజ్ఞులను అడిగితే అసలు పరీక్ష వేరే అంటారు. తల్లిని కూర్చోబెట్టి, తమ ఎదుట బిడ్డకు పాలిమ్మని, మొదటినుంచి చివరిదాకా చూడటం. నోరు ఎంత తెరుస్తోంది, గుటక చప్పుడు వినబడుతోందా, ఎన్ని గుటకలకు ఆగుతోంది, రంగు మారుతోందా, అరగంట దాటుతోందా. దీనికి యంత్రం అక్కరలేదు, తీరిక కావాలి. వందమంది బయట వేచివున్న ఓ.పి.లో ఆ తీరిక ఎక్కడిది? కాగితం మీద "తాగడం లేదు" అని వ్రాసి పైకి పంపేస్తారు. దీనికి డాక్టర్లను తిట్టి లాభం లేదు గాని, మనచేతిలో వున్నదొకటి వుంది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ సెల్‌ఫోను వుంది. బిడ్డ పాలు తాగుతుండగా రెండు నిమిషాలు వీడియో తీసి తీసుకువెళ్ళండి. అయితే ఊపిరి ఆగినా, రంగు మారినా, నురగ వస్తున్నా వీడియోకు కూర్చోకండి. అది బయలుదేరవలసిన సమయం. తీసేటప్పుడు వెలుతురు బిడ్డ ముఖం మీద పడాలి. పెదవులు, మెడ, ఎద ఒకేసారి కనబడాలి. మొదలుపెట్టినప్పుడు ఒక నిమిషం, అలసిపోయినప్పుడు ఒక నిమిషం. వెనుకనుంచి అమ్మమ్మా నాయనమ్మా ఒకరి మాట ఒకరు ఖండించుకుంటూ మాట్లాడుతున్నా ఆపవద్దు. డాక్టరుగారు దాన్ని కూడా వింటారు.